నచ్చిన పాట, మంచి పాట

ఆదివారం ఉదయం గన్‌ఫౌండ్రీలో బస్సు దిగి ఆబిడ్స్ వైపు నడిస్తే దుకాణాల షట్టర్లు చాలావరకు మూసే ఉంటాయి. పాత పుస్తకాలవాళ్లు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరుచుకుంటూ ఉంటారు. ఆ వేళకే ఆరాధనలు మొదలవుతాయి. సెయింట్ జోసఫ్ కతీడ్రల్, సెయింట్ జార్జి దేవాలయం, మెథడిస్టు సంఘం అన్నీ కాలినడక దూరంలోనే ఉన్నాయి. కతోలికులు, సి.ఎస్.ఐ.వారు, మెథడిస్టులు ఇంత దగ్గరగా ఆరాధించే చోట్లు నగరంలో తక్కువ. ఇంగ్లీషు హిమ్న్, తెలుగు కీర్తన, నిన్నగాక మొన్న యూట్యూబ్‌లో వచ్చిన ఆరాధన గీతం, మూడూ ఈ చుట్టుపక్కలే వినవచ్చు.

ఈ ప్రాంతంలోనే ఒక సంఘం గేటు దగ్గర, ఆరాధన ముగిశాక విన్న మాటలివి. కీబోర్డు సంచి భుజాన వేసుకుని వస్తున్న కుర్రవాడు నానమ్మను అడిగాడు: “నానమ్మా, ఇయ్యాల పాటలెట్లున్నయ్?”

ఆమె చెప్పులు వేసుకుంటూ అంది: “మంచిగనే ఉన్నయ్ బిడ్డా. మీరు పాడిండ్రు, మేం ఇన్నం.”

అబ్బాయి మొహం చిన్నబోయింది. “ఎప్పటికీ మీ కీర్తనలే పాడుకుంట కూసుంటే మా దోస్తులెవ్వరు రారు నానమ్మా.”

“రానియ్యిరా, నేనొద్దన్ననా? నాక్కూడ నోరున్నది గద.”

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇలాంటి మాటలు మన సంఘాల్లో ప్రతి ఆదివారం వినిపిస్తాయి. కొన్నిచోట్ల అవి గేటు దగ్గరే ఆగిపోతాయి. కొన్నిచోట్ల కమిటీ సమావేశందాకా వెళ్తాయి. ఒకటి రెండుచోట్ల సంఘం రెండుగా చీలేదాకా వెళ్లిన సంగతి కూడా మనకు తెలుసు. ఇంత దూరం రావడానికి ఒక కారణం ఉంది. “ఈ పాట నాకు నచ్చిందా?” అన్నది ఒక ప్రశ్న. “ఈ పాట సంఘం పాడడానికి మంచిదా?” అన్నది మరో ప్రశ్న. మనం మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికి చెప్పాం అనుకుంటున్నాం.

ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇష్టం తప్పు కాదు. ఒక అక్క రక్షణ పొందిన కూటంలో పాడిన పాట ఆమెకు ఎప్పటికీ తీపే. తండ్రి కుటుంబ ప్రార్థనలో రోజూ పాడిన కీర్తన వినపడితే కొడుక్కి అరవయ్యేళ్ల వయసులోనూ కన్ను చెమర్చుతుంది. యువజన కూడికలో గిటారు పట్టుకుని నేర్చుకున్న పాట ఒక తరానికి అలాగే ఉంటుంది. ఆ పాటతో ఒక జ్ఞాపకం, ఒక మనిషి, ఒక మేలు ముడిపడి ఉన్నాయి. దాన్ని ఎవరూ తీసిపారేయకూడదు.

అయితే ఆ ముడి నాది. నా పక్కన నిలబడినవారికి అది తెలియదు. నన్ను కదిలించిన పాట వారిని కదిలించకపోతే వారి ఆత్మీయత తక్కువని అర్థం కాదు. “ఆ పాటల్లో అభిషేకం లేదు” అని పడుచువారు అనడం, “ఈ పాటల్లో భక్తి లేదు” అని పెద్దలు అనడం చాలాసార్లు ఒకే పొరపాటుకు రెండు రూపాలు. ఇష్టానికి సిద్ధాంతపు అంగీ తొడిగితే దానితో మాట్లాడడం కష్టమవుతుంది.

హిప్పో బిషప్పు అగస్టీను ఈ చిక్కును పదహారు శతాబ్దాల కిందటే గమనించాడు. తన ‘ఒప్పుకోళ్లు’ గ్రంథం పదో భాగంలో దాన్ని గురించి రాశాడు. తాను కొత్తగా విశ్వాసంలోకి వచ్చినప్పుడు సంఘం పాటలు విని ఏడ్చిన సంగతి ఆయనకు గుర్తుంది. కనుక పాట మేలే చేస్తుందని ఒప్పుకున్నాడు. కానీ పాడుతున్న సత్యం కంటే పాడే గొంతే తనను ఎక్కువగా కదిలించినప్పుడు అది తన తప్పేనని కూడా ఒప్పుకున్నాడు. ఆయన పాటను నిషేధించమనలేదు. తన మనసునే పరీక్షించుకున్నాడు. పాట విషయంలో మనం సాధారణంగా చేసేది దీనికి తిరగబడ్డ పని: మన మనసును వదిలేసి ఎదుటివారి పాటను పరీక్షిస్తాం.

“అంతా ఎవరిష్టం వారిది” అంటే సరిపోతుందా?

గొడవ వద్దనుకునేవారు కొందరు ఇంకో మాట అంటారు: “పాటలో మంచీ చెడూ ఏముంది? మనసు ముఖ్యం. దేవుడు హృదయాన్ని చూస్తాడు.” సగం నిజం ఇది. పాడేవారి బ్రతుకు సరిగా లేకపోతే వారి పాటల ధ్వని తనకు వద్దని దేవుడు ఆమోసు ద్వారా చెప్పాడు (ఆమోసు 5:23). హృదయం లేని నాణ్యత ఆయనకు అక్కర్లేదు.

కానీ అదే బైబిల్ నేర్పుగా వాయించమని కూడా చెబుతుంది (కీర్తన 33:3). కెనన్యా పాటలో ప్రవీణుడు గనుకనే అతనికి ఆ పని అప్పగించారు (1 దినవృత్తాంతములు 15:22). దావీదు కాలంలో ప్రభువు సన్నిధిలో పాడడానికి నేర్పు పొందినవారి లెక్క 288 అని రాసి ఉంది (1 దినవృత్తాంతములు 25:7). పౌలు ఆత్మతోనూ మనసుతోనూ పాడతానన్నాడు (1 కొరింథీయులకు 14:15). అర్థం తెలియకుండా పాడడం ఆయనకు చాలలేదు. క్రీస్తు వాక్యం మనలో సమృద్ధిగా నివసించాలని చెబుతూ, సంగీతాలతో, కీర్తనలతో, ఆత్మసంబంధమైన పద్యాలతో ఒకరికొకరు బోధించుకోవాలని కొలొస్సయులకు రాశాడు (3:16). బోధించేది ఏదైనా సరిగా ఉండాలి. ప్రసంగంలో తప్పు దొర్లితే పాస్టరుగారిని అడుగుతాం. పాటలో తప్పు దొర్లితే చప్పట్లు కొడతాం. ప్రసంగం మంగళవారానికి మరిచిపోతాం, పాట మాత్రం వారమంతా నోట్లో ఆడుతుంది. అడగవలసింది ఎక్కడ ఎక్కువ?

తెలుగు నేల మీద ఈ సంగతి మనకు కొత్త కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది చదువుకు నోచుకోని దళితులు. అలాంటి సంఘాల్లో బైబిల్ చదవగలిగినవారు ఊరికి ఒకరుంటే గొప్ప. మిగిలినవారికి సువార్త చేతికి అందింది ఎక్కువగా పాట రూపంలోనే. పల్లవి పట్టుకుంటే చరణం వస్తుంది, చరణం వస్తే కథ వస్తుంది. పాటలో ఏముంటే వారి విశ్వాసంలో అదే ఉండేది. ఇవాళ అక్షరాస్యత పెరిగినా ఈ మాట పెద్దగా మారలేదు. సంఘం ఏమి నమ్ముతుందో తెలుసుకోవాలంటే విశ్వాస ప్రమాణం కంటే ముందు దాని పాటల జాబితా చూడవచ్చు.

మంచి పాటను ఎలా గుర్తుపట్టాలి?

అమెరికా కతోలిక బిషప్పులు 1972లో పూజ సంగీతం గురించి ఇచ్చిన సూచనల్లో మూడు కోణాలు చెప్పారు. సంగీతంగా అది బాగుందా? ఆరాధనలో ఆ చోటికి తగిందా? ఈ సంఘం, ఈ మనుషులు దానితో ప్రార్థించగలరా? మూడింటినీ కలిపే చూడాలన్నారు. ఏ సంఘమైనా వాడుకోగల కొలతలివి. మన తెలుగు పాటలకు వీటిని ఇలా అన్వయించుకోవచ్చు.

మొదట మాటలు. పాటలోంచి రాగం తీసేసి, మాటలను మామూలుగా చదివి చూడండి. అందులో దేవుడు ఎవరు, ఏం చేశాడు అన్నది ఉందా? లేక “నేను, నాకు, నాది” అన్నవే ఎక్కువున్నాయా? చరణానికి చరణానికి మధ్య నడక ఉందా? రాగం నింపడానికి పదే పదే “యేసయ్యా” అని చేర్చారా? ప్రభువు పేరు ఖాళీలు పూడ్చే మాట కాకూడదు. ఇంకొకటి: కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. మన ఆదివారపు పాటల్లో మొర పెట్టుకునేవి ఎన్ని? అన్నీ విజయం, దీవెన, అభివృద్ధి పాటలే అయితే, ఆ వారం బిడ్డను పోగొట్టుకుని వచ్చిన తల్లి ఏం పాడాలి?

తర్వాత, మాట రాగం మీద ఎలా కూర్చుంది? తెలుగులో దీర్ఘం మారితే అర్థం మారుతుంది. హ్రస్వం ఉన్నచోట పెద్ద స్వరం పెట్టి సాగదీస్తే “వరము” కాస్తా “వారము” అవుతుంది. పాపంలో “పడితిని” అని ఒప్పుకోవలసినవాడు “పాడితిని” అంటాడు. ఇంగ్లీషు వరుసలకు తెలుగు మాటలు కట్టినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఆ వరుసలు ఊనికను బట్టి నడుస్తాయి, మన భాష హ్రస్వ దీర్ఘాలను బట్టి నడుస్తుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. మన క్రియల్లో ‘కాదు’ అనే అర్థం మాట మధ్యలో, చివరలో దాగి ఉంటుంది. “విడువడు” అన్న మాటను రెండు ముక్కలు చేసి “విడు” దగ్గర ఆగితే, ఒక్క క్షణం దేవుడు మనల్ని వదిలేసినట్టే వినిపిస్తుంది. రాసేవారు, స్వరపరిచేవారు ఇది చూసుకోవాలి. వారు చూసుకోని పాటను ఎంచుకునేముందు మనం చూసుకోవాలి.

హైదరాబాదు సంఘాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లల కోసం తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వేస్తున్నాం. వారు పాడాలన్న ప్రేమతోనే ఆ పని చేస్తున్నాం, మంచిదే. కానీ ఆ అక్షరాల్లో మనం మామూలుగా రాసే పద్ధతిలో అకారానికీ ఆకారానికీ తేడా కనపడదు, ‘ల’ ‘ళ’లకు తేడా కనపడదు. కాబట్టి పాట మొదలుపెట్టేముందు ఎవరైనా ఒకసారి మాటలు స్పష్టంగా చదివి వినిపించడం మేలు. అర నిమిషం పని. పిల్లలకు పాటతోపాటు భాష కూడా అందుతుంది.

మూడోది, అందరూ పాడగలరా? రికార్డింగులో పాడినవారు శిక్షణ పొందిన గాయకులు. వారి గొంతుకు తగిన శ్రుతిలో పాడారు. ఆ శ్రుతినే ఆదివారం పెడితే మగవారు సగంలో నోరు మూసుకుంటారు, పెద్దవయసు స్త్రీలు పల్లవి పైకి వెళ్లేచోట ఆగిపోతారు. మామూలు సంఘానికి హాయిగా అందేది ఒక స్థాయి, దానికి రెండు మూడు స్వరాలు అటూ ఇటూ. కీబోర్డు మీద ఒక్క మీట నొక్కి శ్రుతి తగ్గిస్తే చాలు, ఆ ఆదివారం ఇంకో యాభై గొంతులు కలుస్తాయి. అలాగే, రెండు చరణాల మధ్య వాద్యం ఎంతసేపు నడుస్తుందో తెలియక జనం తప్పుగా అందుకుని సిగ్గుపడి ఊరుకుంటారు. గాయకుడు తనకు తోచినట్టు గమకాలు వేస్తే వారు అందుకోలేరు. ఇవి కచేరీలో అందాలు. సంఘం పాటలో అడ్డంకులు.

చివరగా, పాట ఆ చోటికి తగిందా? ప్రభురాత్రి భోజనం దగ్గరికి వచ్చేటప్పుడు పాడే పాట, కానుకలప్పుడు పాడే పాట, పాపపు ఒప్పుకోలు తర్వాతి పాట ఒకటి కావు. మంచి పాటను తప్పు చోట పెట్టినా ఆరాధనకు ఆటంకమే.

ఈ నాలుగు ప్రశ్నల్లో ఎక్కడా “పాతదా, కొత్తదా?” అన్నది లేదని గమనించండి.

పాతదీ ఒకప్పుడు కొత్తదే

మన కీర్తనల్ని మొదటి తరంలో పెద్ద సంఖ్యలో రాసిన పురుషోత్తమ చౌధరిగారు 1803లో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో ప్రభువు సన్నిధికి చేరేలోపు వందకు పైగా కీర్తనలు రాశారు. అప్పటికి తెలుగు క్రైస్తవుల్లో మిషనరీలు తెచ్చిన వరుసలకు అనువాదాలు పాడడమే అలవాటు. చౌధరిగారు ఈ నేల మీది రాగాల్లో, తాళాల్లో, పల్లవి చరణాల పద్ధతిలో క్రీస్తును పాడారు. ఇవాళ మనం “పాత పాట” అనేది ఆ రోజు సరికొత్త ప్రయోగం. ఇంగ్లండులో ఐజాక్ వాట్స్ 1707లో తన హిమ్న్‌లు అచ్చువేసినప్పుడు బైబిల్ కీర్తనలు తప్ప మనుషులు రాసినవి ఆలయంలో పాడవచ్చా అని అడిగినవారు ఎందరో. ఇప్పుడు వాట్స్ పాటలే పాత సంప్రదాయానికి గుర్తు.

మన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఇంకో పాఠం చెబుతుంది. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ.వారు, మెథడిస్టులు అందరూ ఆ పుస్తకం తెరుస్తారు. చౌధరిగారి పాటల పక్కనే ముంగమూరి దేవదాసుగారి పాటలున్నాయి, ఇంగ్లీషు హిమ్న్‌ల అనువాదాలున్నాయి. ఒక శాఖవారి పాటను ఇంకో శాఖవారు తమదిగా పాడుకున్నారు. తెలుగు సంఘాలు సిద్ధాంతంలో కలవకముందే పాటలో కలిశాయి. ఆ పుస్తకంలో మనకు దొరికేది జల్లెడ పట్టగా మిగిలిందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ కాలంలోనూ బలహీనమైన పాటలు రాసినవారున్నారు. అవి రాలిపోయాయి. నూరేళ్ల జల్లెడలో మిగిలినదాన్ని తెచ్చి, ఈ సంవత్సరం వచ్చిన పాటలన్నిటితో పోల్చి “ఆ రోజుల్లో పాటలే పాటలు” అనడం న్యాయం కాదు. ఇప్పటి పాటల్లోనూ మిగిలేవి ఉన్నాయి. మనవళ్లు వాటినే పాత పాటలంటారు.

అలాగని కొత్తవారు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి. “కీర్తనలు సాగుతాయి, నిద్రొస్తుంది” అన్న ఫిర్యాదు చాలాసార్లు కీర్తన మీద కాదు, మనం పాడే తీరు మీద. ప్రతి కీర్తన తల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిని చూసేవారు ఎందరు? ఆదితాళంలో చక్కగా నడవవలసిన పాటను తాళం లేకుండా ఈడుస్తాం. చాపుతాళంలో లయగా ఊగే పాటను నాలుగు దెబ్బల డ్రమ్ముకు బలవంతంగా కట్టేస్తాం. ఒక కంజిర, ఒక జత తాళాలు, హార్మోనియం, తాళం తెలిసిన ఒక్కరు ఉంటే అదే కీర్తన లేచి నడుస్తుంది. మన చేతిలో ఉన్న ఈ ఆస్తి, రాగం ఎలా పాడాలో తెలిసిన చివరి పెద్దలతోపాటు వెళ్లిపోయే ప్రమాదంలో ఉంది. అచ్చులో మాట మిగులుతుంది, వరుస మిగలదు. ఆ పెద్దలు పాడుతుండగా ఫోనులో రికార్డు చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. కీబోర్డు వాయించే కుర్రవాళ్లే ఈ పనికి తగినవాళ్లు.

సినిమా వరుసల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. క్రిస్మస్ క్యారల్స్‌కు సినిమా బాణీ కట్టి, “లూథరు కూడా సారాయి కొట్ల పాటలే తీసుకున్నాడు” అని సమర్థించుకోవడం విన్నాం. ఆ మాటకు చరిత్రలో ఆధారం లేదు. పాత జర్మన్ పాటల్లో ‘బార్’ అన్నది ఒక కట్టుబడి పేరు. మొదటి రెండు భాగాలకు ఒకే వరుస, మూడోదానికి వేరే వరుస ఉంటుంది. ఆ పదాన్ని అపార్థం చేసుకోవడం వల్లే ఈ కథ పుట్టి ఉండవచ్చు. లూథరు పిల్లల కోసం రాసిన క్రిస్మస్ పాట ఒకటి 1535లో జానపద వరుసతో అచ్చయిన మాట నిజం. కానీ 1539లో అదే పాట కొత్త వరుసతో అచ్చయింది, నిలిచింది కూడా ఆ కొత్త వరుసే. వరుస దానంతటదే అపవిత్రం కాదు. అయితే వినగానే జనం మనసు పశువుల తొట్టి దగ్గరికి పోతుందా, సినిమా హాలుకు పోతుందా? అది చూడాలి. పైగా ఆ వరుస ఇంకొకరి కష్టం. అడగకుండా తెచ్చుకోవడం సాక్ష్యానికి మంచిది కాదు.

పొరుగు ఆలయం నుంచి

గన్‌ఫౌండ్రీలో కతోలికులు, ప్రొటెస్టంట్లు ఇరుగుపొరుగున ఉన్నారు కదా. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికొస్తుంది. 1903 నవంబరు 22న పోపు పదవ పయస్ పూజ సంగీతం మీద ఒక ఆజ్ఞ వెలువరించారు. అప్పట్లో ఇటలీ ఆలయాల్లో నాటకశాల సంగీతం బాగా చొరబడింది. గాయకుల ప్రదర్శన ముందుకొచ్చి ప్రార్థన వెనక్కు పోయింది. ఆయన మూడు లక్షణాలు కోరారు: పవిత్రత, కళగా మంచి రూపం, అందరికీ చెందగల గుణం. ఆ తర్వాత అరవయ్యేళ్లకు, 1963 డిసెంబరు 4న, రెండవ వాటికన్ మహాసభ పూజలో మాతృభాషకు తలుపు తెరిచింది. ప్రజలు తెలిసి, చురుగ్గా పాలుపొందాలని చెప్పింది. మిషను దేశాల ప్రజల సొంత సంగీతానికి తగిన గౌరవం ఇవ్వాలంది.

ఈ రెండు మాటలూ కలిపి వింటే మనకు బాగా పనికొస్తాయి. ప్రదర్శన ప్రార్థనను మింగేయకూడదు. ప్రజలు ప్రేక్షకులు కాకూడదు. 1903లో ఇటలీలో వచ్చిన సమస్య ఇవాళ పొగ యంత్రాలు, రంగు దీపాలు పెట్టిన మన వేదికల మీద లేదనగలమా? పాత గాయక బృందాల్లోనూ అది లేకపోలేదు. నాలుగు గొంతుల్లో తాము మాత్రమే పాడగల పాటను ఎంచుకుని సంఘాన్ని కూర్చోబెట్టిన క్వైర్లు కూడా అదే తప్పు చేశాయి.

మెథడిస్టులకు తమ ఇంట్లోనే మంచి సలహా ఉంది. జాన్ వెస్లీ 1761లో పాటల పుస్తకం చివర పాడేవారికి ఏడు సూచనలు చేర్చాడు. అందరూ పాడండి, అది కష్టమనిపించినా సిలువగా ఎత్తుకోండి అన్నాడు. సగం నిద్రలో ఉన్నట్టు పాడవద్దన్నాడు. అదే సమయంలో మీ గొంతే పైన వినపడేలా అరవవద్దన్నాడు. తాళం తప్పి వెనకబడవద్దన్నాడు. అన్నిటికంటే మించి, పాడే ప్రతి మాటలో మీకోసం కాక దేవుని కోసం చూడండి అన్నాడు. మైకు పట్టుకున్నవారికీ, వెనక బల్లలో మౌనంగా నిలబడ్డవారికీ ఈ మాటలు సమానంగా తగులుతాయి.

నాణ్యత తర్వాత ప్రేమ

నాలుగు ప్రశ్నలూ వేసి, బలహీనమైన పాటలను పక్కనపెట్టినా, ఇంకా మిగిలేది ఉంది. పెద్దలకు నచ్చే మంచి పాటలు కొన్ని, పడుచువారికి నచ్చే మంచి పాటలు కొన్ని. ఇక్కడ నాణ్యత తీర్పు చెప్పదు. ఎవరి కార్యాలను వారే కాక ఇతరుల కార్యాలను కూడా చూడమన్న మాట చెబుతుంది (ఫిలిప్పీయులకు 2:4). బలవంతులు తమను తామే సంతోషపెట్టుకోకూడదని పౌలు రోమా సంఘానికి రాశాడు (15:1-2). పాట విషయంలో బలవంతులెవరు? మైకు, జాబితా, వాల్యూము మీట ఎవరి చేతిలో ఉంటే వారే. కొన్ని సంఘాల్లో అది యువకుల చేతిలో ఉంది, కొన్నిచోట్ల పెద్దల చేతిలో. ఎవరి చేతిలో ఉంటే వారు ముందుగా తగ్గాలి.

నాకు నచ్చని మంచి పాటను నా తమ్ముడి కోసం నోరు విప్పి పాడడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆరాధన మొత్తంలో ఆ ఒక్క చోటే నేను నిజంగా ఏదైనా ఇచ్చాననుకోవచ్చు. నచ్చిన పాట పాడినప్పుడు నాకు వచ్చేదే ఎక్కువ.

సంఘాలు ఈ నెలనుంచే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. పాటలు ఎంచుకునే పని ఒక్కరి మీద పెట్టకుండా కాపరి, సంగీతం తెలిసినవారు, ఒక పెద్దామె, ఒక యువకుడు కలిసి చేయవచ్చు. నెలకు ఒక్క కొత్త పాట చాలు. దాన్నే నాలుగు ఆదివారాలు పాడితే సంఘానికి వస్తుంది. వారానికి ఒకటి తెస్తే ఏదీ రాదు. ప్రతి ఆదివారం ఒక కీర్తనను దాని తాళంలో, అర్థం రెండు ముక్కల్లో చెప్పి పాడించవచ్చు. ‘సందియము’ అంటే అనుమానమని ఒకసారి చెబితే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. కనీసం ఒక చరణం వాద్యాలు ఆపి పాడించండి. సంఘం గొంతు ఎంత ఉందో అప్పుడే తెలుస్తుంది. ఆరాధన తర్వాత “పాటలు ఎలా ఉన్నాయి?” అని అడగడానికి బదులు “మీరు పాడగలిగారా?” అని అడగండి.

ఆఖరి పరీక్ష నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలో జరుగుతుంది. ఆబిడ్స్ నుంచి అది ఎంతో దూరం కాదు. అక్కడ తెర ఉండదు, కీబోర్డు ఉండదు, చాలాసార్లు మైకు కూడా ఉండదు. పెట్టె దించుతుంటారు, ఎవరో ఒకరు పల్లవి అందుకుంటారు. ఆ పల్లవిని చుట్టూ ఉన్నవారంతా కాగితం లేకుండా అందుకోగలిగితే, ఆ పాట సంఘానిది. అందుకోలేకపోతే, ఎన్ని ఆదివారాలు విన్నా అది మనది కాలేదు. ఇవాళ పెద్దలను సాగనంపేటప్పుడు కీర్తనలు అందుకునేవారు ఇంకా ఉన్నారు. మరో ముప్పై ఏళ్లకు ఆ కుర్రవాడి తరాన్ని సాగనంపేటప్పుడు చుట్టూ నిలబడ్డవారి నోటికి ఏం వస్తుంది? దానికి జవాబు మనం ఈ ఆదివారం ఎంచుకునే పాటల్లో ఉంది.

ఆ మనవడు కీబోర్డు శ్రుతి రెండు మెట్లు దించవచ్చు. ఆ నానమ్మ అతని కొత్త పాట పల్లవి ఒక్కటైనా నేర్చుకోవచ్చు. అప్పుడు గేటు దగ్గర అతను అడిగే ప్రశ్నకు ఆమె ఇంకో జవాబు చెబుతుంది: “మంచిగున్నయ్ బిడ్డా. అందరం పాడినం.”